పురుటి వరుస దగ్గర ఆగిన పటం

మా ఇంట్లో పటం అంటే గోడకు మేకు కొట్టి తగిలించే దేవుడి ఫోటో కాదు. ఎత్తుగా వేలాడదీస్తే రెండంతస్తుల ఇంటిని కప్పేసే గుడ్డ. దాని మీద పైనుంచి కిందికి, వరుస తర్వాత వరుసగా, ఒక కులం ఎలా పుట్టిందో చెప్పే కథంతా బొమ్మలుగా ఉంటుంది. ఎర్రటి నేల, దాని మీద పసుపు ముఖాలు, నీలం ముఖాలు, చెవుల దాకా సాగిన కళ్ళు. మా నాయన ఊరి నడుమ రెండు గుంజలు పాతించి, పటాన్ని కట్టి, ఒక్కో వరుస విప్పుకుంటూ, సన్నటి పుల్లతో బొమ్మను ముట్టి చూపిస్తూ కథ పాడేవాడు. వెనక తాళాలు పట్టుకొని వంత పాడటం మా అమ్మ పని. అమ్మ పోయాక ఆ పని నా నెత్తిన పడింది. పెళ్ళయి కోస్గి పక్క ఊరికి కాపురానికి వెళ్ళినా మా నాయన నన్ను వదల్లేదు. ఎవరైనా అడిగితే, "దాని గొంతు నా గొంతుకు అలవాటైంది, ఏం జేయమంటవ్?" అనేవాడు. ఆ అలవాటు పేరు చెప్పి నన్ను కోస్గి నుంచి పుట్టిల్లు చిట్యాల దాకా ఎన్ని బస్సులు ఎక్కించాడో!

మా అత్తగారిదీ పటం కథల ఇల్లే. మావాళ్ళు మావాళ్ళలోనే ఇచ్చి పుచ్చుకుంటారు. కాబట్టి వంతకు వెళ్తానంటే ఆమె ఏనాడూ అడ్డు చెప్పలేదు. పైగా సద్ది కట్టి పంపేది.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక కట్టుబాటు చెప్పాలి, లేకపోతే మిగతాదంతా పిచ్చివాళ్ళ గొడవలా ఉంటుంది. పటం కథ ఒక్క పూటలో అయ్యేది కాదు. మధ్యలో ఆపాల్సిందే. కానీ ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. ఆకలితో తిరిగినవాడు అన్నం తిన్న వరుస దగ్గర ఆపొచ్చు. ఏరు దాటేవాళ్ళు అవతలి ఒడ్డుకు చేరాక ఆపొచ్చు. అలాంటి చోట్లను నిలుపులు అంటాం. ఏట్లో ఉన్న మనిషిని, మంటల్లో ఉన్న మనిషిని, నొప్పులు పడుతున్న మనిషిని వదిలేసి పుల్ల దించకూడదు. దించితే ఆ బాధ బొమ్మలో ఉండదట, విన్నవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గడప బయట కాచుకొని ఉంటుందట. అన్నింటికంటే పురుటి వరుస కఠినమైనది. కథలో కులానికి మూలపుటమ్మ అడవిలో ఒంటరిగా నొప్పులు పడుతుంది. బిడ్డ ఏడుపు దాకా ఏకబిగిన పాడాలి. అలా పాడితే విన్న చూలింతకు పురుడు తేలికవుతుంది. మధ్యలో ఆపితే... ఆ మాట మావాళ్ళు పైకి అనరు. కథంతా అయ్యాక మంగళం పాడి పటాన్ని చుట్టేయాలి. చుడితేనే కథ ముగిసినట్టు. విప్పి ఉన్నంతసేపూ, పుల్ల ఎక్కడ ఆగిందో కథ అక్కడే నిలబడి ఉంటుంది.

నేను ఇవన్నీ నమ్మేదాన్నా? డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను, నమ్మనని అనుకునేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్త. మన కళలు, మన పండుగలు, మన భాష అని అంతటా ఒకటే ఊపు. ఆ ఊపులోనే నల్లగొండలో కొత్తగా కట్టిన ఒక మ్యూజియంలో జానపద చిత్రాల ప్రదర్శన పెట్టారు. దేశం నలుమూలల నుంచీ బొమ్మలు తెప్పించారు. వాటితోపాటు మన జిల్లా పటం ఒకటి ఉండాలని ఒక మేడం కారులో మా నాయన దగ్గరికి వచ్చింది. కొద్దిరోజులు చూపించి తిరిగి ఇస్తామంది. ప్రారంభం రోజున వచ్చి కాసేపు పాడాలని కూడా అడిగింది. మా నాయన ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, మన పటానికి ఏసీ పెడ్తరట!" అన్నాడు. అంత మురిపెం ఆ గొంతులో అంతకుముందు నేను వినలేదు.

అప్పటికి నాకు ఏడో నెల. మా అత్త బస్సు కుదుపులకు భయపడినా, పురుటి వరుస పాడతానని మా నాయన మాటిచ్చాడు కనుక సరేనంది. "ఇని రా బిడ్డా, నీకు మంచిది" అని చెప్పి పంపింది.

హాలు చల్లగా, పెళ్ళి కాని పిల్ల పెట్టెలా సర్ది ఉంది. అడుగు వేస్తే అడుగు వినబడుతుంది. ఒక గోడ నిండా బీహారు ఆడవాళ్ళు గీసిన చేపలు, తామరలు. ఇంకో గోడ మీద గిరిజనులు తెల్లపిండితో వేసిన పుల్లల్లాంటి మనుషులు చేతులు పట్టుకొని గుండ్రంగా ఆడుతున్నారు. మా నాయన ఒక్కొక్కదాని ముందూ నిలబడి, "గీళ్ళు గూడ ఆడుతున్నరు సూడు, మరి పాడెటోడు ఏడి?" అని వెతికాడు. నాకు నవ్వొచ్చింది.

మా పటం చివరి గోడ మీద ఉంది. పైకప్పు దగ్గర నుంచి నేల దాకా, మొత్తం ఒకేసారి విప్పి, దాని ముందు పెద్ద అద్దపు తలుపులు బిగించారు. పుట్టి బుద్ధెరిగాక ఆ పటాన్ని మొత్తంగా నేను చూడటం అదే మొదటిసారి. మా నాయనకూ అదే మొదటిసారి అనుకుంటా. పైన లోకం పుట్టుక, కింద మంగళం. రెండూ ఒకే చూపులో. ఆయన ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది. "మొదలుపెట్టక ముందే అయిపోయినట్టుంది గదనే" అన్నాడు.

మేడం ఆ రోజు కోసం అద్దం తలుపులు తీయించింది. ముఖ్య అతిథి వచ్చేదాకా పాడమని, ఆయన రాగానే ఆపాలని చెప్పింది. మా నాయన లెక్క ఆయనకుంది. పై వరుసలు పుల్లకు అందవు. పురుటి వరుస సరిగ్గా ఆయన భుజం ఎత్తున ఉంది. ఇక ముఖ్య అతిథి అనేవాడు చెప్పిన వేళకు రాడు, మా ఊళ్ళ మీటింగుల్లో ఎండకు మాడి మాడి తెలుసుకున్న సత్యం అది. పురుడు పాడి, బిడ్డకు పాలిచ్చే నిలుపు దాకా చేరి, కావాలంటే ఇంకోసారి పాడేంత టైముంటుందని అనుకున్నాడు. నా వైపు తిరిగి, "కూసోని పాడు బిడ్డా, నీకోసమే ఎత్తుకుంటున్న" అన్నాడు.

ఎత్తుకున్నాడు. ఆ గొంతుకు ఆ హాలు సరిపోలేదు. బొమ్మలు చూస్తున్న జనమంతా వచ్చి మూగారు. అడవి, చీకటి, ఎవరూ లేని ఆడమనిషి, నడుం పట్టుకొని చెట్టుకు ఆనుకోవడం... నేను వంత పాడుతున్నాను. కడుపులో బిడ్డ కదిలింది. తాళం వేస్తున్న చెయ్యి ఆగి, కడుపు మీదికి వెళ్ళింది. అంత సంతోషంగా నేనెప్పుడూ వంత పాడలేదు.

సరిగ్గా అప్పుడు, నా ఖర్మ కాకపోతే, జీవితంలో మొదటిసారి ఒక ముఖ్య అతిథి వేళకు వచ్చాడు.

బయట చప్పట్లు, కెమెరాలు, పూలదండలు. ఎవరో వచ్చి మైకు లాక్కున్నారు. మా నాయన మైకు లేకుండానే పాడాడు. ఇంకెవరో ఆయన భుజం పట్టుకొని మెల్లగా పక్కకు జరిపారు. "అయ్యా, జర ఆగుర్రి, తల్లి నొప్పుల మీదున్నది" అన్నాడు మా నాయన. వాళ్ళు నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, ముసలాయన ముచ్చటగా మాట్లాడాడని నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉపన్యాసాలు అయ్యాయి, టీలు అయ్యాయి, అద్దం తలుపులు మూశారు, తాళం వేశారు. పుల్ల పట్టుకొని మా నాయన అక్కడే నిలబడ్డాడు.

మేడం దగ్గరికి వెళ్ళి రెండు మాటల్లో చెప్పాడు. పురుడు పూర్తి చేసి, మంగళం పాడి, ఒక్కసారి చుట్టి, మళ్ళీ విప్పి ఇస్తానన్నాడు. ఆమె శ్రద్ధగా వింది. మంచిదే ఆమె, నేను కాదనను.

"పెద్దాయనా, పాడటం వరకు ఇంకో రోజు ఏర్పాటు చేద్దాం. కానీ ఈ గుడ్డ ఇక చుట్టడానికి పనికిరాదు. చుట్టిన ప్రతిసారీ రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, చూడండి. ఇది మీ మనవలు కూడా చూడాలంటే ఇలా విప్పే ఉంచాలి" అంది.

చూపించింది కూడా. నిజంగానే మడతలున్న చోటల్లా రంగు రాలి, గుడ్డ బయటపడింది. ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నా ఏడుపు.

కోస్గి బస్సులో మా నాయన పుల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. నేనే, "ఏంగాదు నాయినా, గవన్నీ నమ్మితె ఎట్ల?" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి చేరగానే, నేను కళ్ళతో వద్దంటున్నా, మా అత్తకు జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. పటం సంగతిలో ఉన్నది లేనట్టు చెప్పడం ఆయనకు రాదు. బియ్యం కొట్లో, బస్సు కండక్టరు దగ్గర ఆయన చిన్న చిన్న అబద్ధాలు బోలెడు ఆడతాడు. పటం దగ్గర మాత్రం కాదు.

మా అత్త చేతిలో చెంబు కింద పెట్టి, గోడకు ఆనుకొని కూలబడింది.

ఎందుకు కూలబడిందో నాకు తెలుసు. కాలం చేసిన మా మామ కూడా పటం పాడినవాడే. ఒక ఊళ్ళో పురుటి వరుస పాడుతుండగా వాన దంచింది. రంగు కారిపోతుందని ఆయన బిడ్డ ఏడుపు దాకా పాడకుండానే గబగబా పటాన్ని చుట్టేశాడు. ఆ నెలలోనే మా అత్త పెద్దకూతురు పురిట్లో చనిపోయింది. దవాఖానకు తీసుకెళ్ళే దారిలో, ఎడ్లబండిలో. దారి బాగాలేక చనిపోయిందని, రక్తం తక్కువై చనిపోయిందని ఎవరైనా చెప్పొచ్చు. మా అత్తకు మాత్రం వాన, పటం, కూతురు, ఈ మూడే గుర్తున్నాయి.

"అన్నా, పటం సుట్టినంక నాకు సెప్పు. అప్పటిదాంక పిల్ల గడప దాటది" అంది.

మా నాయన తల ఊపాడు. ఏదో నన్ను అడిగినట్టు, నేను ఒప్పుకున్నట్టు ఇద్దరూ తేల్చేసుకున్నారు.

మా ఆయనకు అప్పుడు పాలమూరులో డ్రైవరు పని. వారానికి ఒకసారి వచ్చేవాడు. విషయం చెబితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. "అమ్మను బాధపెట్టొద్దు, జర ఓపిక పట్టు" అన్నాడు. ఓపిక! కడుపులో బిడ్డ నాది, కాళ్ళు నావి, ఓపిక పట్టాల్సిందీ నేనే. ఆ రోజు ఆయనకు అన్నం పెట్టలేదు. ఆయనే పెట్టుకొని తిన్నాడు, అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

అలా మొదలైంది నా గడప కాపురం. వెనక పెరడు ఉంది, దానికి గోడ ఉంది. ముందు తలుపు పొద్దంతా తెరిచే ఉండేది. గొళ్ళెం లేదు, తాళం లేదు. ఎవరైనా బంధిస్తే తిట్టుకోవచ్చు, తలుపు బాదొచ్చు. నన్నెవరూ బంధించలేదు. మా అత్త నాకు నచ్చిన కూర వండేది, కాళ్ళు పిసికేది, తల దువ్వేది. వీధిలో నీళ్ళ ట్యాంకరు వస్తే వాకిట్లోకి వెళ్ళబోయి గడప దగ్గర ఆగిపోయేదాన్ని. కంది కట్టె మోసుకొస్తున్న బండ్లు, బడికి వెళ్ళే పిల్లలు, కల్లు కుండలు కట్టుకున్న సైకిల్, అన్నీ ఆ తలుపంత వెడల్పులో కనబడి దాటిపోయేవి. అవి ఎటు పోయాయో కనబడేది కాదు.

ఒక మధ్యాహ్నం మా అత్త కోస్గి అంగడికి వెళ్ళింది. ఎవరూ లేరు. చాల్లే ఈ వేషాలు అనుకొని గడప దాటాను. వాకిట్లో ముగ్గు దాకా వెళ్ళాను. ఎండ కాళ్ళకు తగిలింది, ఎంత హాయిగా ఉందో! అంతలోనే గమనించాను, కడుపులో కదలిక లేదు. నిలబడ్డాను. కడుపు నిమిరాను. కదల్లేదు. చదువూ లేదు, తెలివీ లేదు, వెనక్కి పరుగెత్తినంత పని చేసి లోపలికి వచ్చి పడ్డాను. కాసేపటికి బిడ్డ తన్నింది. ఎప్పటిలాగే పడుకొని లేచి ఉంటుంది పాపం. నేను మాత్రం ఆ తర్వాత గడప జోలికి పోలేదు. ఇంతకూ నమ్మేదాన్నా, లేదా? నాకు ఇప్పటికీ తెలియదు. కడుపులో బిడ్డను పెట్టుకొని నమ్మకాన్ని పరీక్షించే ధైర్యం మాత్రం నాకు లేదు.

సాయంత్రం పూట మా నాయన ఫోన్ చేసేవాడు. చిట్యాల నుంచి నల్లగొండకు వీలైనప్పుడల్లా పోయి వస్తున్నాడు. మొదట వాచ్‌మన్ లోపలికి రానియ్యలేదు. తర్వాత మేడం చెబితే రానిచ్చాడు. ఒక ఆదివారం పొద్దున జనం లేని వేళ ఆమె దయతలచి, అద్దం తీయకుండా దాని ముందే పాడుకోమంది. పాడాడట. పురుడంతా పూర్తిగా, వంత కూడా తానే కలుపుకొని.

"అయితే అయిపోయింది గద నాయినా!" అన్నాను, ఆశగా.

"ఏడైంది బిడ్డా? పుల్ల అద్దానికి తగుల్తాంది. తల్లికి తగుల్తలేదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. అంత పట్టింపు ఎందుకయ్యా నీకు, అయిందని చెప్పేస్తే పోదా అని నోటి దాకా వచ్చింది. అనలేదు. అంటే ఆయన ఫోన్ చేయడం మానేస్తాడు.

కొద్దిరోజులే అన్న ప్రదర్శనను, జనం బాగా వస్తున్నారని పొడిగించారు. పేపర్లో మా పటం ఫోటో వేశారు. ఫోటోలో ఒక బడిపిల్ల సరిగ్గా పురుటి వరుస ముందు నిలబడి నవ్వుతోంది. మా అత్త ఆ పేపరును మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది, నాకు కనబడకుండా.

ఎండలు ముదిరాయి. నెలలు నిండాయి. మా ఊరి ఆశా వర్కరు వచ్చి బీపీ చూసి, కాళ్ళ వాపు చూసి మొహం మాడ్చుకుంది. "పాలమూరుకు పోయి స్కానింగ్ తీయించాలె, ఎన్నిసార్లు జెప్పాలె మీకు?" అని అరిచింది. మా అత్త ఆమెకు మజ్జిగ ఇచ్చింది. ఆమె వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చొని, మండుతున్న పుల్లను అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. నేను ఫోన్ తీసుకొని పెరట్లోకి వెళ్ళి, "నాయినా, నాకు బయమైతాంది" అన్నాను. అంతకుముందెప్పుడూ నేను ఆయనతో ఆ మాట అనలేదు. "ఫికర్ జేయకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఎండెక్కేసరికి ఆశా వర్కరు ఆటోను తీసుకొచ్చి వాకిట్లో పెట్టించింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్న మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నేను గడప ఇవతల, తలుపు చెక్క పట్టుకొని నిలబడ్డాను. మా అత్త గడప మీద నిలబడింది. అడ్డం నిలబడలేదు. ఉత్తగా నిలబడింది, అంతే. పొమ్మని ఆమె నోట రావడం లేదు, పోవద్దనీ రావడం లేదు. ఆమె చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "తప్పుకోమ్మా, పెద్దమనిషివి, గింత మొండితనమా?" అని ఆశా వర్కరు కసిరింది. నేను అడుగు వేయాలనుకున్నాను. కాలు రాలేదు. ఒట్టు, నిజంగా రాలేదు.

అప్పుడు వచ్చాడు మా నాయన. మొదటి బస్సు పట్టుకొని హైదరాబాదు మీదుగా వచ్చాడట. వీధి మలుపు నుంచే చూశాడు ఆటోను, జనాన్ని, గడప మీద మా అత్తను. ఆయన నడక ఆగలేదు. సూటిగా వచ్చి మా అత్త ముందు నిలబడ్డాడు.

"సుట్టినం చెల్లె. నిన్న మాపటికి మంగళం పాడి సుట్టినం. పిల్లను తోలు."

మా అత్త ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కూడా చూపు తిప్పలేదు. ఆమె గడప దిగి, పక్కకు జరిగి, నా చెయ్యి పట్టుకొని దింపింది. తర్వాత బట్టల మూట తేవడానికి లోపలికి పరుగెత్తింది. కొడుకు బండి మీద వెనకాల వస్తానంది.

ఆటోలో ఒక పక్క ఆశా వర్కరు, ఒక పక్క మా నాయన. నొప్పి వచ్చి పోయే సందులో, "ఎట్ల ఇచ్చిర్రు నాయినా సుట్టనీకె? రంగు రాలుతదన్నరు గద?" అని అడిగాను.

ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఇయ్యలేదు" అన్నాడు.

ఆ వెంటనే ఇంకో నొప్పి వచ్చింది. అరిచాను. అది నొప్పికి అరిచిన అరుపో, ఆ మాటకు అరిచిన అరుపో ఆటో డ్రైవరుకేం తెలుసు, ఇంకా వేగం పెంచాడు.

కోస్గిలో కాదన్నారు, పాలమూరు పొమ్మన్నారు. పాలమూరులో కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఉమ్మనీరు ఎండిపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరమూ దక్కేవాళ్ళం కాదని డాక్టరమ్మ మా అత్తను నిలబెట్టి తిట్టింది. మా అత్త రెండు చేతులూ జోడించి అన్నీ విన్నది. మా నాయన మాత్రం వార్డులోకి రాలేదు. మనవరాలిని బయటికి తెచ్చి చూపిస్తే చూసి, తల నిమిరి, చిట్యాల బస్సెక్కాడు.

బిడ్డకు పేరు పెట్టే రోజున మళ్ళీ వచ్చాడు. బంతిలో భోజనాలయ్యాక చుట్టాలందరూ ఆయన్ను పట్టుకున్నారు. పటం లేకపోయినా ఫర్వాలేదు, పుట్టిన బిడ్డ చెవిన నాలుగు చరణాలు వేయమన్నారు. మావాళ్ళలో అది ఆనవాయితీ. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకొని వంతకు సిద్ధంగా కూర్చున్నాను కూడా. ఆయన బిడ్డ ముఖంలోకి వంగాడు. పెదవులు కదిలాయి. లేచి, కండువా దులుపుకొని, "గొంతు పోయింది. ఇగ నాతోని గాదు" అన్నాడు. చల్లటి నీళ్ళు తాగి ఉంటావని ఎవరో వేళాకోళం చేశారు. ఆయన కూడా నవ్వాడు.

గొంతుకేమీ కాలేదు. బస్టాండు దాకా సాగనంపడానికి వెళ్ళిన మా ఆయనతో మామూలుగానే గట్టిగా మాట్లాడాడట. నాతో మాత్రం ఒక్క ముక్క చెప్పి వెళ్ళాడు. "పటం మీద కల్లలాడిన నోరు బిడ్డా. గా నోటితోని తల్లిని పాడొద్దు." ప్రదర్శన ముగిశాక మేడం ఫోన్ చేసి పటాన్ని ఏం చేయాలని అడిగితే, ఉంచుకోమన్నాడు. ఇప్పటికీ అది ఆ గోడ మీదే ఉంది.

ఆ సాయంత్రం పెరట్లో నేనూ మా అత్తా పెద్ద గిన్నెలు తోముతున్నాం. నాకు దుఃఖం ఆగడం లేదు. ఏమీ తెలియని ఈమె దగ్గర దాచుకొని దాచుకొని కడుపు ఉబ్బిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "అత్తమ్మా, నాయిన గా పొద్దు..."

"నాకు ఎర్కనే" అంది ఆమె, బొగ్గుతో గిన్నె అడుగు రుద్దుతూనే. "మీ నాయిన మొకం జూస్తె తెల్వదా? పటం సుట్టొచ్చినోని మొకం గట్లుంటదా? నేను ముప్పయ్యేండ్లు పటం పాడెటోనితో కాపురం జేసిన."

నేను గిన్నె కింద పెట్టాను. "మరి ఎర్కుండి ఎట్ల తోలినవ్?"

ఆమె రుద్దడం ఆపింది. తడి చేత్తో ముక్కు తుడుచుకుంది.

"ఎవరో ఒకరు సెప్పాలె గద బిడ్డా. నా అంతట నేను పొమ్మంటె, నీకేమన్న అయితె, మల్ల నేనే సంపుకున్నట్టు గాదా? ఎవరన్న అచ్చి సుట్టినమని అంటరేమోనని రోజూ తొవ్వ జూసిన. గంతే. గా ఒక్క మాట ఎవరన్న అంటరా అని సూసిన."

ఇన్నాళ్ళూ గడప లోపల నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. ఆమెను నేను ఎన్ని తిట్టుకున్నానో! ఆ పెరట్లోనే, మసి చేతులతోనే, ఆమె మెడ పట్టుకొని ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది.

ఈ సంగతి మా నాయనకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఎన్నోసార్లు చెప్పాలని చిట్యాల దాకా వెళ్ళి, చెప్పకుండా వచ్చాను. ఏమని చెప్పను? నువ్వు ఆడింది ఎవరూ నమ్మలేదు నాయినా, నీ అబద్ధం అబద్ధంగానే లెక్కకు రాలేదు, కాబట్టి పాడు, అనా? నన్ను బతికించిందని ఆయన అనుకుంటున్న ఆ ఒక్క మాటను ఉత్తదని చేసెయ్యనా? చెప్పకపోతే ఆయన పాడడు. చెబితే ఏమవుతాడో తెలియదు. మనవరాలు తాతా పాట అంటే రాదంటాడు. ఇంట్లో పని చేసుకుంటూ ఉంటే వంత నా గొంతులోకి దానంతట అదే వస్తుంది, సగంలో మింగేస్తాను. ఎత్తుకునే మనిషి అరుగు మీద నోరు మూసుకొని కూర్చుంటే, లోపల ఒక్కదాన్నే వంత ఎలా పాడను?